తెలిసిన గొంతు: కొంటాలో పాట కోసం మా ప్రణాళిక

కిందటి ఎండాకాలం మా వీధి పిల్ల ఒకతె టీవీ పాటల పోటీ ఆడిషన్‌కి వెళ్లింది. ఏ చానెల్ అన్నది ఇక్కడ అనవసరం. పొద్దున్నే కొంటాలో బస్సెక్కి, భద్రాచలంలో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని వాళ్ల నాన్నా తనూ వెళ్లారు. నాలుగు గంటలు వరసలో నిలబడ్డాక గదిలోకి పిలిచారు. మేనత్త దగ్గర నేర్చుకున్న నాట్ల పాట ఎత్తుకుంది. రెండో చరణం అందుకోకముందే ఆపేశారు.

"బాగుందమ్మా. జనాలకి తెలిసింది ఏదన్నా పాడు."

సినిమా పాట పాడింది. అదీ బాగుందన్నారు. తర్వాత కాగితం చూసి, "కొంటా అంటే బస్తర్ కదా? తుపాకుల మోతల మధ్య పాడుకునేదానివా?" అని అడిగారు.

"లేదు సార్. మా కొట్లో కూర్చుని పాడుకుంటాను."

"ఇంట్లో కష్టాలేమీ లేవా?"

"ఉద్దెర బాకీలు వసూలు కావట్లేదు సార్."

కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఈ సంగతి విని కడుపు పట్టుకుని నవ్విన ఐదారుగురమే ఇప్పుడీ కాగితం రాస్తున్నాం. నవ్వు ఆగాక ఒక మాట మిగిలింది. ఆ గదిలో వాళ్లకి కావలసింది తెలిసిన పాట, తెలియని మనిషి. పాట అందరికీ పరిచయమైనదే అయ్యుండాలి, లేకపోతే రిమోట్ నొక్కేస్తారు. మనిషి మాత్రం ఎక్కడో అడవిలోంచి ఊడిపడ్డట్టు ఉండాలి, లేకపోతే ప్రోమోకి సరుకు లేదు. మా దగ్గర దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మనిషి తెలుసు. ఎవరి కూతురో, ఏ పొలంలో కూలికెళ్తుందో, ఏ పెళ్లిలో గొంతు పోగొట్టుకుందో తెలుసు. అందుకే ఆమె ఏ పాట పాడినా వింటాం. ఎన్నడూ వినని పాటయినా సరే, ఆమె పాడుతోంది కాబట్టి వింటాం.

ఇలా వినడం తగ్గిపోతోంది. దాన్ని నిలబెట్టుకోవడానికే కూడుకుంటున్నాం.

మా గుంపుకి పేరు పెట్టలేదు. పేరు పెడితే బ్యానర్ కట్టాలి, బ్యానర్ కడితే దాని అడుగున ఎవరో ఒకరి కొట్టు పేరు వేయాలి. కొన్నాళ్లు ఇలాగే ఉండనిద్దాం.

ముందుగా ఒక బాకీ ఒప్పుకోవాలి. టీవీని తిట్టడానికి ఈ కాగితం రాయడం లేదు. మాలో నలభై దాటిన ప్రతివాళ్లకీ పాట వినడం నేర్పింది టీవీయే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు కొంటాలో ఉన్న నాలుగైదు టీవీల ముందు వీధి వీధంతా కూర్చునేది. ఆ కార్యక్రమం పేరే అప్పటికి ముప్పై ఏళ్లకు పైబడిన పాటలోది. 'మూగమనసులు' 1964లో వచ్చింది. అంటే గడపలోనే తెలిసిన పాట నిలబడి లోపలికి పిలిచింది. అది తప్పు కాదు. తెలిసిన పాటతో పిలిచి, తెలియని సంగతులు చెప్పి పంపేవారు బాలసుబ్రహ్మణ్యం గారు. పాట రాసిందెవరో, కట్టిందెవరో, అది ఏ రాగమో, రికార్డింగు నాడు ఏం జరిగిందో చెప్పేవారు. ఒక పిల్లాడు ఒత్తు మింగేస్తే ఆపి, నవ్వుతూనే మళ్లీ అనిపించేవారు. తెలుగు బడి మొహం చూడని మాబోటివాళ్లకి 'శ'కీ 'ష'కీ తేడా ఉందని తెలిసింది అక్కడే. ఉష, మల్లికార్జున్ లాంటి గొంతులు ముందు అక్కడ విని, తర్వాత సినిమాల్లో గుర్తుపట్టాం. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారని తెలిసిన రోజు ఇక్కడ రెండు టీ కొట్లు ఆయన పాటలే పెట్టి, రాత్రి దాకా ఆపలేదు.

అయితే ఆ కార్యక్రమం నుంచే ఇంకో అలవాటు కూడా ఇంటికొచ్చింది. "అచ్చం బాలుగారిలా పాడాడు", "అచ్చం జానకమ్మే" అనడం. ఇంతకన్నా పెద్ద మెప్పు లేదనుకున్నాం. ముప్పై ఏళ్లుగా మా పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో పాడే కుర్రాళ్లు ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకుని పాడుతున్నారు. సొంత గొంతు ఎలా ఉంటుందో వాళ్ల అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మెప్పుదల మాటను మేం ఇవాళ్టి నుంచి వాడం. నోరు జారితే జరిమానా ఏమీ లేదు, టీ ఇప్పించాలి.

మా సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, బయటివాళ్లకి అర్థం కాదు. కొంటా ఛత్తీస్‌గఢ్‌లో అట్టడుగున ఉంది. 2012 జనవరి దాకా దంతేవాడ జిల్లా, ఆ తర్వాత సుక్మా జిల్లా. జిల్లా ఆఫీసు దాదాపు 80 కిలోమీటర్ల దూరం. చింతూరు మాత్రం ఇట్టే వస్తుంది. శబరి దాటితే ఒడిశా. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో గోండీ, హల్బీ, బడిలో హిందీ. తెలుగు పాట ఇష్టమైతే నాగరి అక్షరాల్లో రాసుకుంటాం. అలాంటి పాటల పుస్తకం ఒకటి ఇప్పుడు నా ముందుంది, ఆడిషన్‌కి వెళ్లిన పిల్లదే. రూళ్ల నోటు పుస్తకం, వీపు చిరిగితే వైరింగు పనికి వాడే నల్ల టేపు అతికించింది. హిందీ రాసే పద్ధతిలో ఎ, ఒ హ్రస్వాలు లేవు. 'ఎద' రాయాలంటే 'ఏద' అవుతుంది, 'కొమ్మ' 'కోమ్మ' అవుతుంది. 'ళ' హిందీ బడిలో నేర్పరు కాబట్టి 'కళ్లు' కాస్తా 'కల్లు' అయి కూర్చుంటుంది. ప్రేయసి కళ్లను పొగిడే పాట మొత్తం తాటిచెట్టు కింద పాడే పాట అయిపోతుంది. 'చాలు'లో చ వేరు, 'చిలక'లో చ వేరు. నాగరిలో రెంటికీ ఒకటే అక్షరం. ఈ పిల్ల ఏం చేసిందంటే, పొట్టిగా పలకాల్సిన చోట అక్షరం కింద ఎర్ర సిరాతో చుక్క పెట్టుకుంది, 'ళ' రావాల్సిన చోట 'ల' కింద గీత గీసుకుంది. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. పుస్తకం నిండా ఎర్ర చుక్కలే, చీమలు పాకినట్టు.

ఈ ఎర్ర చుక్కలకి ఏ పోటీలోనూ మార్కులు ఉండవు. పైగా మాకు రెండు పక్కలా దెబ్బే. తెలుగు షోకి వెళ్తే మా తెలుగులో హిందీ వాసన వస్తోందంటారు. హిందీ షోకి వెళ్తే మా హిందీలో తెలుగు వాసన వస్తోందంటారు. హిందీలో గెలిచిన తెలుగువాళ్లు లేకపోలేదు. ఇండియన్ ఐడల్‌లో కారుణ్య 2006లో రెండో స్థానం దాకా వెళ్లాడు, 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచారు. వాళ్ల కష్టం వాళ్లది, గౌరవిస్తాం. మా మాటల్లా ఒకటే, ఉచ్చారణ దిద్దడం వేరు, ఊరిని దిద్దడం వేరు. అర్థం తెలియకుండా పలికితే మేమూ దిద్దుతాం. కొంటా మనిషిలా పలికితే మాత్రం దిద్దం.

సహదేవ్ దిర్దో సంగతి ఇక్కడ ఎత్తాలి, మన జిల్లావాడే కాబట్టి. ఛింద్‌గఢ్ వైపు కుర్రాడు. 2019లో బడిలో నిలబడి 'బచ్‌పన్ కా ప్యార్' పాడితే మాస్టారు ఫోన్‌లో తీశారు. రెండేళ్ల తర్వాత, 2021లో, అది దేశం మీద పడింది. ర్యాపర్ బాద్‌షా చండీగఢ్‌కి పిలిపించుకున్నాడు, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పక్కన నిలబెట్టుకుని పాడించుకున్నారు, ఇండియన్ ఐడల్ స్టేజీ కూడా ఎక్కాడు. మేమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టాం, అబద్ధం ఎందుకు. సుక్మా పేరు బాంబులకి కాకుండా ఒక పాటకి వినబడటం అంతకు ముందు మాకు తెలియదు. కానీ ఆ పాట వాడిదీ కాదు, మా వైపుదీ కాదు. గుజరాత్ గాయకుడు కమలేశ్ బారోట్ పాడిన పాట. జనం మురిసిపోయింది పాటకి కాదు, అడవి జిల్లా పిల్లాడు నిటారుగా నిలబడి, మొహంలో ఏ భావమూ లేకుండా, ఆ పాట అప్పజెప్పడానికి. తెలిసిన పాట, తెలియని మనిషి, మళ్లీ అదే లెక్క. ఆ పిల్లాడి ఇంట్లో పెళ్లికి ఏం పాడతారని అన్ని కెమెరాల్లో ఒక్కటైనా అడిగినట్టు మాకు గుర్తులేదు. వాడికి పేరొచ్చినందుకు సంతోషమే. మా బాధ ఆ అడగని ప్రశ్న గురించే.

2019లో రాణాఘాట్ స్టేషన్‌లో రానూ మండల్ పాడిన వీడియో కూడా ఇదే దారిన వెళ్లింది. స్టేషన్ ఆమెది, గొంతు మాత్రం లతా మంగేష్కర్‌లా ఉందన్నారు, అందుకే ఎత్తుకున్నారు. అనుకరణ ఎక్కువ కాలం తోడు రాదని లతగారే అప్పుడు అన్నారు. కొందరికి ఆ మాట కటువుగా తోచింది. నాకు మాత్రం పాటల వృత్తిలో డెబ్బై ఏళ్లు గడిపిన మనిషి ఇంకో ఆడమనిషికి చెప్పిన నిజంలాగే వినబడింది. అదే మాట లక్షలమంది అరువు గొంతులతో ఆమె పాటలు పాడుతున్నప్పుడూ చెప్పి ఉండాల్సిందని మాత్రం అనిపించింది.

అరువు గొంతు వద్దని సొంతంగా పాడితే ఏమవుతుంది? విశాఖ అమ్మాయి షణ్ముఖప్రియ 2021లో ఇండియన్ ఐడల్ ఫైనల్ దాకా వెళ్లింది. పాత పాటలకు తన విరుపులు తను వేసి పాడినందుకు నెట్‌లో తిట్లు కుప్పలుగా పడ్డాయి, పాట పాడు చేసిందని. ఆమె విరుపులన్నీ నాకు నచ్చాయని చెప్పను. కొన్ని చోట్ల పాట కన్నా విరుపే పెద్దదైంది. అయినా జనం కోపం దాని మీద కాదు. వాళ్ల చెవిలో ముందే ఉన్న పాటను ఆమె కదిపింది, అదీ నేరం.

శివనాగులుది ఇంకో రకం. 'మా టీవీ' చానెల్ కార్యక్రమం 'రేలా రే రేలా' నుంచి వచ్చిన జానపద గాయకుడు. 2018లో 'రంగస్థలం' సినిమాకి పాట పాడాడు. ఆడియోలో ఆయన గొంతే ఊరూరా మోగింది. తీరా హాల్లో కూర్చుంటే తెర మీద వినబడింది సంగీత దర్శకుడి గొంతు. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. చింతూరు వైపు నుంచి సినిమా చూసొచ్చిన మా బావ ఒకడు మాత్రం, "వాడి గొంతు ఏ గట్టున దింపేశార్రా?" అన్నాడు.

'రేలా' అన్నాం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాం. ఆ మాట హైదరాబాద్‌లో ఒక కార్యక్రమం పేరు. మాకు అది ఎండాకాలం పసుపుపచ్చగా పూసే చెట్టు. దోర్ల, కోయ ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని తిరుగుతూ పాడేటప్పుడు పల్లవికి మధ్య మధ్య వచ్చి నిలబడే మాట కూడా. విత్తనాల పండుగకీ, పెళ్లికీ, చలికాలం మంట చుట్టూ అది లేకుండా గొంతు లేవదు. దాన్ని టీవీ వాడుకుందని మాకు కోపం లేదు, ఆ కార్యక్రమం వల్లే ఎందరో జానపద గాయకులకి అన్నం దొరికింది. మా భయం వేరే. 'అసలైన గిరిజన పాట' అన్న మాట మాకు భయం. ఆడిషన్ గదిలో మా పిల్లని అడిగిన ప్రశ్నే అది, వేరే చీర కట్టుకుని వస్తుంది. దోర్ల అమ్మాయి నెత్తిన ఈకలు పెట్టుకుని పాడితే అసలు, చుడీదార్ వేసుకుని తమన్ పాట పాడితే నకిలీ అని ఎవరు తేల్చారు? ఆమె చెవిలో రెండూ ఉన్నాయి. బజార్లో ఫోన్ కొట్టు వాడి స్పీకర్లో పొద్దంతా ఒకటి, ఇంటి వెనక విప్పపువ్వు ఏరుతూ ఇంకొకటి.

కాబట్టి సినిమా పాటను మేం వెలివేయడం లేదు. మా అవ్వ ఒకామె ఘంటసాల పాటను దోర్లీ మాటలు కలిపి జోలపాటగా పాడుతుంది. ఎక్కడ తెలుగు ఆగి ఎక్కడ దోర్లీ మొదలైందో ఆమెకే తెలియదు. ఆ పాట ఆమెది. అది ఎవరిదని ఎవరైనా తేల్చడానికి వస్తే ముందు ఆ పిల్లాణ్ణి నిద్రపుచ్చి చూపించమంటాం.

ఇక తీర్పు సంగతి. మార్కులు వద్దంటున్నాం కదా అని, అందరినీ మెచ్చుకోవడమే మా పని అనుకోకండి. అందరినీ మెచ్చుకోవడం టీవీ పని. 2021 మే నెలలో ఇండియన్ ఐడల్ కిశోర్ కుమార్ పాటల ప్రత్యేక కార్యక్రమానికి వెళ్లొచ్చిన అమిత్ కుమార్, ఎవరెలా పాడినా పొగడమని తనకు ముందే చెప్పారని పత్రికలతో అన్నాడు. కిశోర్ కుమార్ కొడుకు అతను. తండ్రి పాటలు ఎలా ఉన్నాయో చెప్పడానికి పిలిచి, చెప్పొద్దన్నారు. మా నాట్లలో ఇలా కుదరదు. ముందు పాట ఎత్తుకునే మనిషి ఒకతె, వెనక వంత పాడేవాళ్లు పదిమంది. ఎత్తుకున్న మనిషి నడక తప్పిందనుకోండి, వంత సన్నబడుతుంది. ఇంకా తప్పిందనుకోండి, వంత ఆగిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. నీళ్లలో చేతులు ఆడుతూనే ఉంటాయి, పాట మాత్రం ఉండదు. కాసేపటికి వరసలోంచి ఇంకొకతె ఎత్తుకుంటుంది. అంతకన్నా కఠినమైన జడ్జి కుర్చీ నేను ఏ టీవీలోనూ చూడలేదు. పైగా ఓడిపోయిన మనిషి ఇంటికి పోదు. అదే వరసలో నిలబడి రెండోదానికి వంత పాడుతుంది.

'ఎలిమినేషన్' అన్న మాటకి మా ఊళ్లో తెలుగు లేదు. ఇది రాస్తున్న మాలో ఒకరికి తట్టింది. ఊళ్లో పాడే మనిషిని ఎక్కడికని పంపిస్తాం?

మేం చేయబోయేది పెద్దదేం కాదు. నెలకోసారి, సంత రోజు సాయంత్రం, లోపలి ఊళ్లవాళ్లు తిరుగు బండెక్కే లోపల, శబరి రేవు పైన చింతచెట్టు కింద కూర్చుంటాం. మైకు పెట్టం. దీని మీద గొడవైంది, ఎందుకంటే మాలో ఒకడికి డీజే బాక్సులున్నాయి. మైకు వస్తే ముందు 'హలో, చెక్' వస్తుంది, తర్వాత ఉపన్యాసం వస్తుంది, పాట చివరికి వస్తుందని మిగతావాళ్ల వాదన. గొంతు ఎంత దూరం పోతే అంత దూరమే మా సభ. బాక్సులవాడు ఇంకా అలిగే ఉన్నాడు.

పాడే ముందు ఒక్క మాట చెప్పాలి, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో. మేనత్త దగ్గరా, లారీ డ్రైవర్ దగ్గరా, యూట్యూబ్‌లోనా, ఏదైనా సరే. బాలుగారు పాట రాసినవాళ్ల పేరు చెప్పకుండా ముందుకు పోయేవారు కాదు, ఆ అలవాటునే మా స్థాయికి తెచ్చుకుంటున్నాం. మేనత్త ఊరి పేరు కూడా చెబితే మరీ మంచిది. ఆ పాట ఏ దారిన నడిచి వచ్చిందో తెలుస్తుంది. కూనవరం నుంచి వచ్చిన నాట్ల పాటకీ దోర్నపాల్ వైపు దానికీ వంతలో తేడా ఉంటుందని మాలో పెద్దవాళ్లు అంటారు. విని తేల్చుకోవాలి.

కష్టాలు చెప్పమని ఎవరినీ అడగం. టీవీవాళ్లు దాన్ని 'ఏవీ' అంటారు, పాటకి ముందు వేసే రెండు నిమిషాల బతుకు. పూరిల్లు, అమ్మ కన్నీళ్లు, వెనక వయొలిన్. అది చూశాక పాట ఎవరు వింటారు? జాలి వింటుంది. 2005 తర్వాత మా వైపు ఎన్ని ఊళ్లు కాలాయో, ఎంతమంది సరిహద్దు దాటి చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారో మాకు తెలుసు. అలా వెళ్లినవాళ్ల పిల్లలు కూడా మా చెట్టు కింద పాడతారు. వాళ్లు చెప్పుకోవాలనుకుంటే పాట అయ్యాక, టీ దగ్గర, పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకుంటారు. 2022 జులైలో గోదావరి ఎగదన్ని శబరి ఊళ్లోకి వచ్చి, కరెంటు పోయి, బడిలో తలదాచుకున్న రాత్రుల్లో ఎవరు పాడారో ఇప్పటికీ గుర్తే. వాళ్లలో ఒక్కరు కూడా వరద గురించి పాడలేదు. ఒక ముసలాయన బావామరదళ్ల సరసం పాట పాడితే తడిసిన బియ్యం మూటల మీద కూర్చున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ రాత్రి గురించి ఏవీ తీసి ఉంటే ఆ నవ్వుని ముందు కోసేసేవారు.

ఫోన్ల సంగతి. పాడేవాళ్లు అడిగితేనే తీయాలి, తీసింది ముందు వాళ్లకే ఇవ్వాలి. పిల్లలు పాడేటప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తకూడదు, అమ్మానాన్నలతో సహా. 2019లో ఒక బడిలో తీసిన ముక్క 2021లో ఎక్కడికి పోయిందో చూశాం కదా. రికార్డింగంటే మాకు పడదని కాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర పద్ధతి మాకు నచ్చింది. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి పిలిచేది. గోండీలోనో ఇంకో భాషలోనో తమ ఊరి సమాచారమో పాటో చెప్పేవాళ్లు. మొహం కనబడదు, మార్కులుండవు, చదువుతో పనిలేదు. ఎవరో పాడుతున్నారు, ఎక్కడో ఎవరో వింటున్నారు, అంతే. అలాంటిది తెలుగు, దోర్లీ కలిసిన మా నాలుకకి కూడా ఉండాలని మా కోరిక. దానికి డబ్బూ, యంత్రం తెలిసిన మనిషీ కావాలి. ప్రస్తుతం రెండూ లేవు.

ఇంకో సంగతి, టైము. టీవీ ఒక పాటకి రెండు నిమిషాలిస్తుంది, పల్లవి, ఒక చరణం. మణుగూరు వైపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పడిగె అనే బొమ్మల గుడ్డ ముందు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడేవారు. అలాంటి కథ తెల్లవార్లూ నడుస్తుంది. 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆయన్ని రెండు నిమిషాల్లో పాడమంటే ఏం పాడతారు? వీరుడి తాత పేరు చెప్పేసరికి గంట మోగుతుంది. మా చెట్టు కింద గంట లేదు. చీకటి పడితే లాంతరు తెస్తాం.

టీవీకి వెళ్తానన్న పిల్లల్ని ఆపం. బస్సు చార్జీలకి చందా వేస్తాం, నాగరిలో రాసుకున్న పాటను తెలుగు వచ్చినవాళ్లతో ఒకసారి చదివిస్తాం, "కష్టాలేంటి?" అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం నేర్పం.

ఓట్ల దగ్గరే మాకు పొత్తు కుదరలేదు. మన పిల్ల ఫైనల్‌కి వెళ్లిందనుకుందాం. ఊరంతా ఓట్లు గుద్దాలా? కొందరు డార్జిలింగ్ చూపించారు. 2007లో ఇండియన్ ఐడల్‌లో కోల్‌కతా పోలీసు కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్ కోసం ఆ కొండలన్నీ చందాలేసుకుని ఎస్సెమ్మెస్‌లు పంపాయి. గెలిపించాయి కూడా. బాగా పాడినందుకా, మనవాడైనందుకా అని ఆ కొండల్లో ఎవరూ విడదీసి చూడలేదు. నేపాలీ మాట్లాడేవాళ్లను దేశం పరాయివాళ్లుగా చూస్తోందన్న పాత గాయానికి ఆ ఓటు మందైంది. తర్వాత ఒక ఎఫ్ఎం రేడియోలో ఎవరో అతని గురించి నోరు జారితే సిలిగురిలో గొడవలైపోయాయి. ఆ ఊపులోనే గోర్ఖాలాండ్ ఉద్యమం మళ్లీ లేచింది. మాలో కుర్రాళ్లు, "మనకీ అలాంటి రోజు రావాలి" అన్నారు. పెద్దవాళ్లు, "పాట కోసం మొదలుపెట్టి జెండా దగ్గర తేలతారు, వద్దురా" అన్నారు. అప్పట్లో మా లోపలి ఊళ్లలో సెల్ టవర్లే లేవు కాబట్టి ఈ పరీక్ష మాకు రాలేదు. ఇప్పుడు వస్తే ఏం చేస్తామో రాసిపెట్టలేకపోతున్నాం. నా మటుకు నేను ఓటేస్తాను. మనిషి తెలుసు కదా మరి. తెలిసిన మనిషి పాటను ఎక్కువ ప్రేమగా వింటామని ఇంతసేపూ వాదించి, ఓటు దగ్గరికొచ్చేసరికి తెలియనట్టు నటించలేను. ఇది తప్పని మా చెల్లెలు అంటోంది. ఈ పేరా ఆమెకి చూపించే రాశాను.

మాతో కలవాలనుకున్నవాళ్లు పాడాలనేం లేదు. వంత పాడొచ్చు, ఊరికే వినొచ్చు. వినడానికి వచ్చినవాళ్లు పాట అయ్యేదాకా కూర్చోవాలి, అదొక్కటే షరతు. చాప ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. జీలుగు కల్లు తాగి రావచ్చా అని ఒకాయన అడిగారు. శ్రుతిలో ఉంటే రావచ్చన్నాం.

మొదటి కూడికకి మొదటి పాట ఆడిషన్‌కి వెళ్లొచ్చిన పిల్లే పాడాలని అందరం అనుకున్నాం. ఆ గదిలో రెండో చరణం దగ్గర ఆపేశారు కదా, మేం ఆఖరి దాకా వింటామన్నాం. సరేనంది. నిన్న రాత్రి కొట్టు కట్టేస్తూ పిలిచి, మూడో చరణం తనకి సరిగ్గా రాదని చెప్పింది. ఆ గదిలో అంతదూరం పోదని తెలిసి నేర్చుకోలేదట. మేనత్త ఎర్రబోరులో ఉంటుంది. రేపు పొద్దున బస్సుకి వెళ్లి నేర్చుకుని వస్తానంటోంది. కొట్లో ఎవరు కూర్చుంటారని వాళ్ల నాన్న అడుగుతున్నాడు.